అడిగిన ధరను అమ్మిన ధరగా అచ్చు వేయకండి

సంపాదకులకు,

మార్గశిర బహుళంలో మాలేగావ్ ఖండోబా జాతర మొదలైందంటే పత్రికల జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పకుండా పడుతుంది. చెవుల కొనలు ఒకదానికొకటి తాకేలా నిక్కబొడుచుకున్న గుర్రం, మెడలో వెండి గొలుసులు, కింద 'ధర కోటి' అన్న మాట. సాయంత్రానికల్లా ఆ కత్తిరింపు దెగ్లూర్ నుంచి బోధన్ దాకా ఫోన్లలో తిరుగుతుంది. ఆ గుర్రం అమ్ముడుపోయి ఉండదు. కోటి అన్నది యజమాని అడిగిన ధర. అడగడానికి పైసా ఖర్చు లేదు కదా. కానీ ఆ ఫొటో చూపించే వచ్చే ఎండాకాలానికి ఆ పోతుగుర్రం దాటింపు రుసుము, అంటే ఆడగుర్రంతో జత కట్టించడానికి తీసుకునే డబ్బు, పెంచుతారు, ఇంకా పుట్టని దాని పిల్లలకు బయానాలు తీసుకుంటారు. పేరు ముందు అచ్చులో పుట్టి తరువాత లాయంలోకి వస్తోంది. ఈ ఉత్తరం అందుకే.

దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల్లో గుర్రాలు పెంచేవాళ్లం, వాటికి లాడాలు కొట్టేవాళ్లం కలిసి రాస్తున్నాం. ఒకప్పుడు జాతరలో గుర్రం కొనేది పెళ్లి బారాతుకో, ఇంటి గొప్పకో. ఇప్పుడు హైదరాబాద్ రైడింగ్ స్కూళ్లవాళ్లు, పరిగెత్తే గుర్రం మీంచి నేలలోని మేకును ఈటెతో లేపే టెంట్ పెగ్గింగ్ ఆడేవాళ్లు, ఎండ్యూరెన్స్ అనే దూరపు పరుగులకు గుర్రాన్ని తయారుచేసేవాళ్లు వస్తున్నారు. 2023లో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో గుర్రంతో లెక్క ప్రకారం అడుగులు వేయించే డ్రెస్సాజ్ పోటీలో మన జట్టు బంగారం గెలిచాక పిల్లలకు గుర్రం కొనిపెడదామనే తల్లిదండ్రులూ కనిపిస్తున్నారు. ఆ జట్టు ఎక్కింది ఆటల కోసమే పెంచిన ఐరోపా వార్మ్‌బ్లడ్ జాతి గుర్రాలనని, మన జాతరల్లో దొరికే సరుకు అది కాదని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. ఆటకు కావలసింది కాళ్లు, ఊపిరి, స్వభావం. జాతరలో ధర పలికేది ఎత్తుకు, చెవులకు, రంగుకు, మెడ మీది సుడికి. ఈ రెంటి మధ్య సందులోనే మోసానికి చోటు దొరుకుతోంది.

ముందు తండ్రి ఎవరన్న సంగతి. ఆడగుర్రం ఎదకొస్తే 5 నుంచి 7 రోజులు నిలుస్తుంది. అండం విడుదలయ్యేది ఆ ఎద ముగిసే ముందు ఒకటి రెండు రోజుల్లో. ఆ క్షణం ఎప్పుడో కచ్చితంగా తెలియదు కాబట్టి రోజు విడిచి రోజు దాటిస్తారు. పేరున్న పోతు వాకిట్లో అదే వారం నాలుగైదు ఆడగుర్రాలు నిలబడి ఉంటాయి. పోతు రోజుకు ఒకటి, గట్టిగా అంటే రెండు దాటగలదు. అంతకు మించితే వీర్యం పలచబడి ఆడగుర్రాలన్నీ చూలు నిలవక తిరగపొర్లుతాయి. అప్పుడేం చేస్తారంటే, మొదటి దాటింపు పేరున్న పోతుతో యజమాని కళ్లెదుట చేయించి, రెండోది, మూడోది లాయంలో ఉన్న మరో పోతుతో కానిస్తారు. పిల్ల పుట్టేది దాదాపు 340 రోజుల తరువాత. అప్పటికి అడిగేవాడెవడు, చెప్పేవాడెవడు?

దీనికి మందు కష్టమేమీ కాదు. ప్రతి దాటింపుకూ తేదీ, రెండు జంతువుల మెడలో పెట్టే గుర్తింపు చిప్ నంబర్లు, ఇద్దరు యజమానుల సంతకాలతో ఒక చీటీ రాయాలి. ఆడగుర్రం యజమానికి ప్రతిసారీ ఎదుట నిలబడి చూసే హక్కు ఉండాలి. రుసుము మొత్తం దాటించిన రోజే పుచ్చుకునే పద్ధతి పోవాలి. సగం అప్పుడు, మిగతా సగం పిల్ల ఈని, లేచి నిలబడి, తల్లి పాలు తాగి 24 గంటలు గడిచాక. పోతు మీద నమ్మకం ఉన్న పెంపకందారు దీనికి వెనకాడడు.

స్కాను అక్కర్లేదనే పోతు యజమానిని నమ్మకండి. అండం విడుదలైన 14 నుంచి 16 రోజుల మధ్య మొదటి స్కాను చేయించాలి. చూలు కట్టిందా లేదా అన్నదొక్కటే కాదు, కవలలున్నాయా అన్నది తేలేది అప్పుడే. గుర్రం గర్భసంచి కవలలను మోయలేదు. చాలావరకు ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఈసుకుపోతుంది, అంటే నెలలు నిండక కడుపు పోతుంది, మేపిన మేత, పోయిన కాలం రెండూ దండగ. 16వ రోజు దాకా పిండాలు గర్భసంచిలో కదులుతూ ఉంటాయి కాబట్టి డాక్టరు ఒకదాన్ని పక్కకు జరిపి నలిపేసి రెండోదాన్ని నిలపగలరు. 35 రోజులు దాటాక పరిస్థితి మారిపోతుంది. అప్పటికి గర్భసంచి గోడలో హార్మోను ఇచ్చే కణాల గుంపులు ఏర్పడతాయి. పిండం పోయినా అవి మూడు నాలుగు నెల్ల దాకా పని చేస్తూనే ఉంటాయి, ఆడగుర్రం సరిగా ఎదకు రాదు, ఆ కాలం గడిచిపోతుంది. 28, 30 రోజులకు గుండె కొట్టుకుంటోందా అని రెండో స్కాను, 60 రోజులకు ఇంకొకటి చేయిస్తే తరువాత 'మా పోతు తప్పు కాదు, మీ మేత తప్పు' అనే వాదులాట సగం తగ్గుతుంది.

తప్పు ఒక్క వైపే ఉంటుందని మేం అనడం లేదు. గర్భసంచిలో చీము ఉన్న ఆడగుర్రాన్ని పరీక్ష చేయించకుండా తోలుకొచ్చి, పోయిన ఏడాది ఈసుకుపోయిన సంగతి దాచి, నిలవకపోతే పోతు గొడ్డుదని ఊరంతా చెప్పేవాళ్లూ ఉన్నారు. దాటించే ముందు గర్భసంచి స్వాబ్ పరీక్ష అడగడం పోతు యజమాని హక్కు. అడిగితే అవమానంగా తీసుకోనక్కర్లేదు.

ల్యాబు దాకా వెళ్లకముందే వాకిట్లోనే కొన్ని అబద్ధాలు పట్టుకోవచ్చు. ఒళ్లూ జూలూ తోకా అన్నీ ఎర్రగా ఉండే సురంగ్ తల్లికి, సురంగ్ తండ్రికి కుమైత్ (ఎర్ర ఒళ్లు, నల్ల జూలు, నల్ల తోక) గానీ నల్లది గానీ పుట్టదు. పుట్టిందంటే చీటీలో ఉన్న తండ్రి తండ్రి కాడు. ముదురు రంగులో పుట్టి ఏటేటా తెల్లబడే సబ్జాకు తల్లిదండ్రుల్లో కనీసం ఒకటి సబ్జా అయి తీరాలి. పెద్ద పెద్ద తెల్ల మచ్చలుండే అబ్లక్ లెక్క ఇంత సూటిగా ఉండదు, అందులో తల దూర్చకపోవడమే మంచిది. ఇంకొక మాట. రంగు కుదరకపోతే తండ్రి కాదని రుజువవుతుంది గానీ, కుదిరినంత మాత్రాన తండ్రేనని రుజువు కాదు. అది తేల్చేది డిఎన్ఏ ఒక్కటే. పిల్ల, తల్లి, తండ్రి మూడింటి జూలు నుంచి ముప్పై వెంట్రుకల చొప్పున పీకి, వేరు బొడిపెలతో సహా, తడి తగలని కాగితం కవర్లో విడివిడిగా పెట్టాలి. కత్తెరతో కత్తిరించినవి పనికిరావు.

రేసు గుర్రాల విషయంలో ఇదంతా ఎప్పుడో స్థిరపడింది. పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా దగ్గర ప్రతి థరోబ్రెడ్ పిల్ల తల్లిదండ్రులూ డిఎన్ఏతో తేలాలి, మెడ ఎడమ పక్కన చిప్ ఉండాలి, కృత్రిమ గర్భధారణతో పుట్టినదాన్ని నమోదే చేయరు. జాతర గుర్రానికి మాత్రం వంశం అంటే దలాలీ నోటి మాట. పిండ మార్పిడి కూడా వచ్చేసింది. హిసార్ జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంవాళ్ల బికనీర్ క్యాంపస్‌లో 2023లో ఒక మార్వాడీ పిల్ల అద్దె తల్లి కడుపున పుట్టింది. రేపు ఆ పద్ధతి ప్రైవేటు లాయాలకు వస్తే ఈనిన గుర్రమే తల్లి అన్న మాట కూడా నిలవదు. దక్కన్ గుర్రమైన భీమ్‌థడీని ఈమధ్యే దేశీ జాతిగా గుర్తించారు. సంతోషమే. ఇక జాతరలో పొట్టిగా కనిపించిన ప్రతి దక్కనీ తట్టువూ 'అసలు భీమ్‌థడీ' అయిపోకుండా చూసుకోవాలి. మన దగ్గర ఎర్ర కంధారీ ఎద్దును కొనే రైతు దాని తల్లి ఎవరింటిది, ఎన్ని ఈతలు ఈనింది అని అడిగి గానీ రుమాలు కింద చెయ్యి పెట్టడు. అంతకు పదింతలు పెట్టి గుర్రం కొనేవాళ్లు ఆ ప్రశ్న అడగరు, అదే మాకు వింత.

వయసు చూడాలంటే కింది పెదవి తిప్పండి. పాల పళ్లు రాలి నడిమి జత రెండున్నర ఏళ్లకు, పక్క జత మూడున్నరకు, మూల జత నాలుగున్నరకు వస్తాయి. అయిదేళ్లకు నోరు నిండుతుంది. తరువాత కింది పళ్ల మీద ఉండే నల్లటి గుంటలు నడిమి జతలో ఆరేళ్లకు, పక్క జతలో ఏడుకు, మూల జతలో ఎనిమిదికి అరిగిపోతాయి. పదేళ్లకు పై మూల పన్ను మీద, చిగురు దగ్గర ఒక నిలువు గాడి మొదలవుతుంది. పదిహేనుకు సగం దాకా దిగుతుంది, ఇరవైకి చివర దాకా వస్తుంది. పదేళ్లు దాటిన గుర్రాన్ని ఆరేళ్లదిగా అమ్మడానికి అరిగిన పన్ను మీద సన్నటి బర్మాతో గుంట తవ్వి, కాల్చి నల్లగా చేస్తారు. కనిపెట్టడం తేలిక. సహజమైన గుంట చుట్టూ తెల్లటి గట్టి ఎనామిల్ వలయం కొంచెం ఉబ్బి వేలికి తగులుతుంది. దొంగ గుంటకు ఆ గట్టు ఉండదు. గుంట కుర్రదానిలా ఉండి, పన్ను పైభాగం అండాకారం పోయి ముక్కోణంగా మారి, పై కింది పళ్లు ముందుకు ఏటవాలుగా పొడుచుకొచ్చి ఉంటే ఇక అడగాల్సిందేమీ లేదు. రేసులు మానేసిన గుర్రానికైతే చిప్ రీడర్ పెడితే చాలు, పుట్టిన తేదీ కాగితాల్లోనే ఉంటుంది. అందుకే కొందరు ఆ కాగితాలు 'పోయాయి' అంటారు.

ఎత్తు సంగతి ఒక్క ముక్కలో. టేపును భుజం వంపు మీదుగా లాగితే అంగుళమో రెండంగుళాలో ఎక్కువ వస్తుంది. మట్టపు గొట్టం బిగించిన నిలువు కర్రతో, గట్టి చదును నేల మీద, లాడం మందం తీసేసి, మూపు దగ్గర కొలవాలి.

కానీ ఆ ఎత్తు కోసం పిల్లలకు చేస్తున్నది ఒక్క ముక్కలో పోయేది కాదు. ఏడాది నిండని పిల్లకు శనగలు, జొన్నలు, బెల్లం, నెయ్యి కుక్కి జాతర నాటికి నున్నగా, పొడవుగా నిలబెడతారు. తొందరగా పెరిగిన ఎముక చివర మృదులాస్థి గట్టిపడదు, మోకాళ్ల పైన వాపు, కీళ్లలో పొరలు ఊడటం వస్తాయి. దాణాలో గోధుమ తవుడు ఎక్కువైతే భాస్వరం పెరిగి కాల్షియాన్ని ఎముకల్లోంచి లాగేస్తుంది. కాల్షియం భాస్వరం కంటే తక్కువ కాకూడదు, పెరిగే పిల్లకు ఒకటిన్నర రెట్లు ఉంటే మేలు. తవుడు పెట్టేవాళ్లు లూసర్న్ గడ్డి కూడా పెట్టాలి. అలా పెంచినదాన్ని ఏడాదిన్నరకే జీను వేసి, కుదుపు లేకుండా సాగే రెవాల్ నడక నేర్పుతారు. మోచేతి కింది పొడుగు ఎముక అడుగు చివర మూసుకునేదే రెండేళ్లు దాటాక, వెన్నుపూసలు ఇంకా ఆలస్యం. కొన్నవాడికి మూడో ఏట కుంటి గుర్రం మిగులుతుంది, అమ్మినవాడి దగ్గర ఫొటో ఉంటుంది. పైగా రెవాల్ మీద అంత మోజు ఎందుకో మాకు అర్థం కాదు. జంపింగ్‌కు, డ్రెస్సాజ్‌కు చూడాల్సింది శుభ్రమైన దుడుకీ (రెండు తాళాల పరుగు), మూడు తాళాల పరుగు. ఆ రెండూ చెడగొట్టి నేర్పిన రెవాల్ ఆటకు అడ్డమే.

కుంటి దాచడం ఒక విద్య. ఫెనైల్‌బ్యుటజోన్ అనే నొప్పి మందు రెండు పూటలు పడితే పాత నొప్పి కనపడదు. ఎసిప్రొమజైన్ అనే మత్తు మందు పడిన పెంకి గుర్రం చిన్న పిల్లవాణ్ని కూడా ఎక్కించుకుంటుంది. ఆ మందు పోతుకు ఇస్తే అంగం వేలాడిపోయి తిరిగి లోపలికి పోకుండా దాటడానికే పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది, అయినా ఇస్తారు. తోక ఎత్తిపట్టాలని తోక కింద అల్లం, మిరప రాసే నీచం గురించి ఇక చెప్పనక్కర్లేదు. జాతరలో గుర్రాన్ని ఇసుక నేల మీద, తాడు బిగించి, డప్పు మోతలో పరిగెత్తిస్తారు. ఈ మూడూ కుంటిని కప్పేవే. మీరు తారు రోడ్డు మీదికి తీసుకెళ్లి, తాడు వదులుగా పట్టి, ముప్పై అడుగులు అటు, ముప్పై అడుగులు ఇటు దుడుకీలో నడిపించమనండి. ముందు కాలు నొప్పి ఉంటే ఆ కాలు నేలకు ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు ఆనినప్పుడు దిగుతుంది. తరువాత గిట్ట పై కీలు ఒక నిమిషం మడిచి పట్టి వెంటనే పరిగెత్తిస్తే దాగిన నొప్పి బయటపడుతుంది. మందు అనుమానానికి ఒకటే దారి. కొన్న రోజే రెండు గొట్టాల రక్తం తీసి సీలు వేసి, చెరొకటి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. తగాదా వస్తేనే పరీక్ష. గొట్టాల మాట ఎత్తగానే కొన్ని బేరాలు వాటంతటవే చల్లబడతాయి. పరీక్షించే డాక్టరును కొనేవాడు ఎంచుకోవాలి, ఫీజు కొనేవాడు ఇవ్వాలి. రెండు వైపులా దలాలీ తీసుకునే మనిషి తెచ్చిన డాక్టరు వద్దు.

జబ్బుల విషయంలో పేరు రెండు రకాలుగా పోతుంది, దాచితే ఒకటి, పుకారు పుట్టిస్తే ఒకటి. గ్లాండర్స్‌కు టీకా లేదు, మనుషులకూ సోకుతుంది, తేలితే ఆ గుర్రాన్ని చట్టప్రకారం చంపాల్సిందే. సురా అలా కాదు. జోరీగల వల్ల వచ్చే ఈ జబ్బులో జ్వరం వచ్చి పోతూ ఉంటుంది. ఒక సూది పడితే గుర్రం తేరుకుని నిగనిగలాడుతుంది, జాతర అయ్యాక మళ్లీ పొట్ట కింద, కాళ్లకు నీరు దిగుతుంది, చూడి గుర్రమైతే ఈసుకుపోతుంది. అమ్మేవాడికి ఆ సూది సంగతి తెలుసు, చెప్పడు. ఇక పోటీ లాయం మీద 'అక్కడ గ్లాండర్స్ ఉందట' అని వాట్సాప్‌లో ఒక ముక్క వదిలితే చాలు, ఆ ఏడు దాని గుమ్మం ఎవరూ తొక్కరు. రెంటికీ జవాబు తేదీ వేసిన రక్త పరీక్ష కాగితమే. దాన్ని లాయం ముందు అంటించుకోవడం ఎవరికీ చిన్నతనం కాదు.

న్యాయనిర్ణేతల గురించీ రాయాలి. పోటీలో తన పోతుకు పుట్టిన పిల్లలకు తానే మార్కులు వేసే పద్ధతి ఎక్కడున్నా ఆగాలి. అంతకంటే లోతైనది, దేనికి మార్కులు వేస్తున్నారన్నది. అమెరికాలో 1969లో పుట్టిన ఇంప్రెసివ్ అనే క్వార్టర్ హార్స్ పోతుకు కండలే పేరు తెచ్చాయి. ప్రదర్శనల్లో కండలకే బహుమతులు వచ్చేసరికి దాని సంతతి వేలకు వేలు పెరిగింది. రక్తంలో పొటాషియం పెరిగి కండరాలు వణికి, గుర్రం కుప్పకూలే జబ్బు ఆ నెత్తురుతోనే వచ్చింది. కారణమైన జన్యువు 1992లో దొరికింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు అందుకున్న పిల్లలను నమోదు చేయబోమని అక్కడి సంఘం అమల్లో పెట్టింది 2007లో పుట్టినవాటి నుంచి. పదిహేనేళ్లు పట్టింది, ఎందుకంటే ఆ కండలు అప్పటికీ డబ్బు తెస్తున్నాయి. మన దగ్గర కండల స్థానంలో చెవులున్నాయి, ఎత్తుంది, నుక్రా తెలుపుంది. మరాఠ్వాడా ఎండకు ఆ గులాబీ చర్మం కాలి బొబ్బలెక్కుతుందని తెలిసీ నుక్రా కోసం ఎగబడతారు. చెవుల కోసం తండ్రిని కూతురికి దాటిస్తే అంతఃప్రజననం 25 శాతం, ఒకే తండ్రికి వేరు వేరు తల్లులకు పుట్టిన పిల్లల్ని కలిపితే 12.5 శాతం. దాన్ని 'రక్తం నిలబెట్టడం' అని గొప్పగా చెప్పుకుంటున్నారు.

చట్టం మరీ చేతకానిదేమీ కాదు. 1930 వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. గుర్రమూ అందులోకే వస్తుంది. అయితే వర్ణన కాగితం మీద ఉండాలి. ఇప్పుడిచ్చే రసీదులో 'ఒక ఎర్ర గుర్రం' అని తప్ప ఏముంటోంది? చిప్ నంబరు, రంగు, సుడులు, మచ్చలు, పళ్లను బట్టి వయసు, కర్రతో కొలిచిన ఎత్తు, కొరుకుతుందా, తన్నుతుందా, గాలి మింగుతుందా, వేసిన టీకాలు, ఆడగుర్రమైతే చివరి దాటింపు తేదీ, పోతు ఎవరిది, ఇవన్నీ తెలుగులో, మరాఠీలో అచ్చయిన ఒకే ఫారంలో ఉండాలి. ఏడు రోజుల్లో కుంటి బయటపడితే వెనక్కి తీసుకుంటానన్న ఒక్క వాక్యం చేరితే ఇంకా మంచిది.

జాతర నిర్వాహకులను మేం అడిగేది గుర్రాల బజారు మూలన ఒక బల్ల. దాని మీద కొన్ని వేల రూపాయల్లో వచ్చే చిప్ రీడరు, ఒక ఎత్తు కర్ర, ఆ ఫారాలు, పళ్లు చూడగల పశువైద్యుడొకరు. పక్కనే ముప్పై అడుగుల గట్టి నేల.

మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. ఈసారి విలేకరి కోటి గుర్రం దగ్గరికి వెళ్లినప్పుడు మూడు మాటలు అడగమనండి: దీని చిప్ నంబరెంత, తండ్రి ఎవరని ఏ కాగితం చెబుతోంది, పోయిన ఏడాది దీని పిల్లలు ఎన్ని లేచి నిలబడ్డాయి. జవాబులు వస్తే ఫొటో కింద అచ్చు వేయండి. రాకపోతే 'యజమాని అడుగుతున్న ధర' అని మాత్రం రాయండి.

ఇట్లు,
దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల గుర్రాల పెంపకందారులు, లాడాలు కొట్టేవారు కొందరు
నాందేడ్ జిల్లా